ఏ పాయింటుకు ఏ మీట: మోడల్ రైల్వేలో పాయింట్లు మార్చే పద్ధతిని ఎంచుకోవడం

బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించే పట్టాల చోటే పాయింట్. లేఅవుట్ గీయడం పూర్తవగానే చాలామంది "ఏ పాయింట్ మోటారు మంచిది?" అని వెతకడం మొదలుపెడతారు. అలా వెతికితే ఇరవై పాయింట్లకూ ఒకే రకం మోటార్లు కొనేస్తారు. వాటిలో సగానికి మోటారే అక్కర్లేదని పట్టాలు పరిచాక గాని తెలియదు. అందుకని మోటారు జోలికి పోకముందే ప్లాన్ కాగితం మీద ప్రతి పాయింటుకూ ఒక నంబరు వేయండి. నంబరు ఎదురుగా మూడు సంగతులు రాసుకోండి. ఆ పాయింట్ మార్చేటప్పుడు బండి నడిపే మనిషి ఎక్కడ నిలబడతాడు? అక్కడి నుంచి చెయ్యి అందుతుందా? పాయింట్లో కదిలే నాలుక పట్టాలు ఎటు ఆనుకుని ఉన్నాయో కంటికి కనిపిస్తుందా?

చెయ్యి అందడం అంటే వంగి, సాగి, ఎలాగో తాకడం కాదు. బల్ల అంచు నుంచి 60 సెం.మీ. లోపల ఉంటే ఇబ్బంది లేదు. 75 సెం.మీ. దాటితే మోచేయి తగిలి ముందున్న సిగ్నల్ స్తంభమో చెట్టో పడిపోతుంది. బల్ల ఛాతీ ఎత్తులో ఉంటే ఈ దూరం ఇంకా తగ్గుతుంది.

చెయ్యి అందుతూ, కంటికి కనిపించే పాయింటుకు చేతి మీటే అన్నిటికంటే మేలు. అది ఖర్చు తక్కువని ఈ మాట చెప్పడం లేదు. యార్డులో వ్యాగన్లు అటూ ఇటూ సర్దేటప్పుడు ఇంజను పక్కనే నిలబడి పాయింట్ మార్చడం ఎంత వేగంగా జరుగుతుందో, ప్యానెల్ దగ్గరికి నడిచి మీట వెతుక్కోవడం అంత వేగంగా ఎప్పటికీ జరగదు. అందనివి, సొరంగంలోనో కొండ వెనకో దాగినవి, జంటగా కలిసి మారాల్సినవి మాత్రమే మోటారు అడుగుతాయి.

ముందు పాయింట్ వేలితో ఆడాలి

పాయింట్‌లో కదిలేవి రెండు సన్నని నాలుక పట్టాలు. ఆ రెండింటినీ అడ్డంగా కలిపే పట్టీని త్రోబార్ అంటారు. మీట ఏదైనా, మోటారు ఏదైనా చేసే పని ఆ త్రోబార్‌ను జరపడమే. హెచ్‌ఓ (నిజం కొలతలో 87వ వంతు) స్కేలులో ఆ జరుగుడు సుమారు 2 నుంచి 2.5 మి.మీ. మాత్రమే.

పాయింట్‌ను బల్ల మీద బిగించకముందు పళ్ళు కుట్టుకునే పుల్లతో త్రోబార్‌ను మెల్లగా నెట్టి చూడండి. ఎక్కడా పట్టేయకుండా జరగాలి. నాలుక మొన పక్క పట్టాకు పూర్తిగా ఆనాలి. మొనకీ పట్టాకీ మధ్య పలచని కాగితం పెట్టి లాగండి, కొంచెం పట్టుకున్నట్టు ఉండాలి. కాగితం జారిపోతే చక్రం అంచు కూడా ఆ సందులోకి దూరుతుంది. బోగీ ముందు చక్రాలు ఒక దారిన, వెనక చక్రాలు ఇంకో దారిన పోవడం అక్కడే మొదలవుతుంది.

బిగించాక ఇదే పరీక్ష మళ్ళీ చేయండి. మేకు గట్టిగా కొడితే స్లీపరు మధ్యలో వంగి పట్టాల మధ్య దూరం తగ్గుతుంది. కంకర పోశాక మూడోసారి చేయండి. కంకర మీద పోసిన జిగురు త్రోబార్ కిందికి పాకితే ఆరాక రాయిలా పట్టేస్తుంది. కంకర పోసేముందు త్రోబార్ చుట్టూ చుక్క నూనె రాసి, జిగురు ఆరేలోపు దాన్ని నాలుగైదుసార్లు అటూ ఇటూ జరిపితే ఈ బెడద ఉండదు. వేలితో బిగుసుకుపోయే పాయింట్‌కు మోటారు పెడితే ఆ మోటారు చెడ్డదన్న పేరు తప్ప ఇంకేమీ రాదు.

ఫ్రాగ్ సంగతి తేల్చుకోకుండా మీట కొనకండి

రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు ఫ్రాగ్. అది ప్లాస్టిక్‌ది అయితే వైరింగ్ గొడవ లేదు, కానీ చిన్న ఇంజన్లు నెమ్మదిగా వెళ్ళేటప్పుడు దాని మీద ఆగిపోతాయి. లోహపు ఫ్రాగ్ అయితే ఇంజను ఆగదు, కాకపోతే పాయింట్ మారినప్పుడల్లా ఫ్రాగ్‌కు అందే కరెంటు కూడా ఒక పట్టా నుంచి రెండో పట్టాకు మారాలి.

కొన్ని పాయింట్లలో నాలుక పక్క పట్టాను తాకడం వల్లే ఫ్రాగ్‌కు కరెంటు అందుతుంది. కొత్తలో బాగానే పనిచేస్తుంది. పట్టాలకు తుప్పు రంగు వేశాక, దుమ్ము చేరాక, ఒక రోజు ఇంజను అక్కడ నిలబడిపోతుంది. కాబట్టి ఎంచుకునే మీటతోనో మోటారుతోనో పాటు అటు ఇటు మారే ఒక కాంటాక్ట్ ఉందా అని ముందే చూసుకోవాలి. మూడు కాళ్ళ కాంటాక్ట్ చాలు. మధ్య కాలు ఫ్రాగ్‌కు, రెండు చివరి కాళ్ళు రెండు పక్క పట్టాలకు. వైర్లు కలిపాక పాయింట్‌ను ఒక వైపు పెట్టి వ్యాగన్ లోహపు చక్రాల జతను ఫ్రాగ్ మీదుగా దొర్లించండి. షార్ట్ అయితే చివరి రెండు వైర్లు తారుమారు చేయండి, అంతే.

డీసీసీ (పట్టాల కరెంటు ద్వారానే ఒక్కో ఇంజనుకు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) లేఅవుట్‌లో ఫ్రాగ్ జ్యూసర్ అనే చిన్న బోర్డు షార్ట్‌ను పసిగట్టి తనంతట తానే కరెంటు దిశ మారుస్తుంది. మామూలు డీసీ లేఅవుట్‌లో అది పనిచేయదు.

చేతి మీటలు

పీకో కంపెనీ పాయింట్లలో త్రోబార్ దగ్గర చిన్న స్ప్రింగు ఉంటుంది. వేలితో సగం దాటిస్తే మిగతా సగం "టక్" మని తనే పడిపోయి, అక్కడే పట్టి ఉంచుతుంది. అంచుకు దగ్గరగా ఉన్న యార్డులో ఆ స్ప్రింగే చాలు, ఇంకే మీటా వద్దు. స్ప్రింగు లేని పాయింట్లకు కెబూస్ ఇండస్ట్రీస్ లాంటి గ్రౌండ్ త్రో మీటలు పట్టాల పక్కనే బిగించవచ్చు. వీటిలో స్ప్రింగు ఉన్నవీ లేనివీ రెండు రకాలు. పాయింట్‌లో స్ప్రింగు ఉంటే మీటలో ఉండకూడదు, పాయింట్‌లో లేకపోతే మీటలో ఉండాలి. హెచ్‌ఓ బొమ్మల పక్కన ఆ మీట మనిషి నడుము దాటేంత పెద్దదిగా కనిపిస్తుంది. అది కంటికి నచ్చకపోతే బల్ల కిందికి వెళ్ళాల్సిందే.

బల్ల కింద స్లైడ్ స్విచ్ పెట్టే పద్ధతి మీద కాస్త ఎక్కువ సమయం పెట్టడం న్యాయం. ఎందుకంటే పాయింట్‌ను జరపడం, పట్టి ఉంచడం, ఫ్రాగ్‌కు కరెంటు మార్చడం మూడూ ఒకే చిన్న భాగంతో జరిగిపోతాయి. కావలసినవి ఆరు కాళ్ళ స్లైడ్ స్విచ్ ఒకటి, 0.8 మి.మీ. పియానో వైరు (గట్టి స్ప్రింగు ఉక్కు తీగ), 2 లేక 3 మి.మీ. ఇనప కడ్డీ, చివర పట్టుకోవడానికి ఒక గుండీ.

పట్టాలు పరిచేముందు త్రోబార్ సరిగ్గా ఎక్కడికి వస్తుందో గుర్తుపెట్టి బల్లకు 10 మి.మీ. రంధ్రం వేయండి. చిన్న రంధ్రం వేస్తే తర్వాత వైరు అంచుకు రాసుకుంటుంది. స్విచ్ పిడికి అడ్డంగా 1 మి.మీ. డ్రిల్‌తో ఒక రంధ్రం, కడ్డీ కోసం పొడవునా మరో రంధ్రం. పియానో వైరును ఎల్ ఆకారంలో వంచి ఒక చివర పిడిలోకి, రెండో చివర పైకి త్రోబార్ రంధ్రంలోకి పోనివ్వండి. పైన 1 మి.మీ. కంటే ఎక్కువ మిగలకుండా కత్తిరించండి, లేకపోతే ఇంజను అడుగు గేర్ బాక్స్ తగులుతుంది. పాయింట్‌లోని స్ప్రింగు తీసేయండి. స్విచ్ పిడి ప్రయాణం త్రోబార్ జరగాల్సిన దానికంటే ఎక్కువే ఉంటుంది. ఆ మిగులును వైరు వంగి మింగేస్తుంది, నాలుక పట్టాను పక్క పట్టాకు అదిమి ఉంచే బలం కూడా ఆ వంపులోంచే వస్తుంది. అందుకే 0.8 మి.మీ. కంటే లావు వైరు వాడకూడదు. లావు వైరు వంగదు, దాని బదులు త్రోబార్ చెవి ఊడిపోతుంది.

స్విచ్‌ను రెండు స్క్రూలతో బిగించేటప్పుడు పిడిని మధ్యలో, త్రోబార్‌ను కూడా మధ్యలో పెట్టి ఉంచండి. కడ్డీని బల్ల ముందు పలకకున్న రంధ్రంలోంచి బయటికి తెచ్చి గుండీ తగిలించండి. కడ్డీ 60 సెం.మీ. దాటితే మధ్యలో ఒక రింగు ఆధారం కావాలి, లేకపోతే నెట్టినప్పుడు విల్లులా వంగుతుంది. దారి వంకరగా ఉంటే కడ్డీకి బదులు సైకిల్ బ్రేకు కేబుల్ లాంటి తొడుగు తీగ వాడవచ్చు. అయితే తొడుగు రెండు చివరలూ గట్టిగా బిగించాలి. తొడుగు కదిలితే లోపలి తీగ కదలదు.

రెండు కాయిల్ మోటార్లు

పీకో పీఎల్-10 లాంటి వాటిలో రెండు కాయిళ్ళు ఉంటాయి. ఒకదానికి క్షణకాలం కరెంటు ఇస్తే లోపలి కడ్డీ అటు దూకుతుంది, రెండోదానికి ఇస్తే ఇటు దూకుతుంది. వీటికి పాయింట్‌లోని స్ప్రింగు ఉండాలి. కరెంటు పోయాక పట్టి ఉంచేది ఆ స్ప్రింగే కాబట్టి.

ఇక్కడ ప్రమాదం "క్షణకాలం" అన్న మాటలోనే ఉంది. 4 ఓమ్‌ల కాయిల్‌కు 16 వోల్టులు ఇస్తే 4 ఆంపియర్లు, అంటే 64 వాట్ల వేడి. బొటనవేలి గోరంత కాయిల్ దాన్ని కొన్ని సెకన్లు కూడా తట్టుకోదు. బటన్ ఇరుక్కుపోతే ముందు వాసన, తర్వాత పొగ. కాబట్టి ఈ మోటార్లను కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ లేకుండా వాడకండి. అందులో 2200 లేక 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ నెమ్మదిగా నిండి, బటన్ నొక్కగానే ఒక్కసారి ఖాళీ అవుతుంది. బటన్ పట్టుకునే ఉన్నా ఆ తర్వాత పారేది కొద్దిపాటి కరెంటే, కాయిల్ బతుకుతుంది. 16 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే కెపాసిటర్ మీద 22 వోల్టులు దాటుతాయి, కాబట్టి 35 వోల్టుల కెపాసిటరే వేయాలి.

"ఒక్కోసారి మారుతుంది, ఒక్కోసారి మారదు" అన్న ఫిర్యాదుకు కారణం చాలాసార్లు సన్నని వైరు. 0.22 చ.మి.మీ. వైరు మీటరుకు 0.08 ఓమ్‌ల దాకా ఉంటుంది. ప్యానెల్ నుంచి 5 మీటర్ల దూరమైతే రానూ పోనూ 10 మీటర్లు, 0.8 ఓమ్. 4 ఆంపియర్ల దగ్గర 3 వోల్టులకు పైగా వైరులోనే పోతాయి. 0.75 చ.మి.మీ. వైరు వేస్తే ఈ నష్టం 1 వోల్టు లోపే. బటన్లు కూడా ఈ కరెంటుకు తగ్గవి కావాలి. మధ్యలో ఆగి, రెండు వైపులా వదలగానే తిరిగి వచ్చే టాగుల్ స్విచ్ వీటికి సరైనది. ఒక వైపు పడి అక్కడే ఉండిపోయే స్విచ్ ఎప్పుడూ పెట్టకండి.

యార్డులో ఒక్క బటన్‌తో నాలుగు పాయింట్లు కలిపి మార్చి దారి వేయాలనుకుంటే డయోడ్ మ్యాట్రిక్స్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ల అమరిక) ఈ మోటార్లతోనే అన్నిటికంటే సులువుగా కుదురుతుంది. 3 ఆంపియర్ల డయోడ్లు వాడండి, కెపాసిటర్ పెద్దది చేయండి. దెబ్బ గట్టిగా ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. చేత్తో అల్లిన, సన్నని సోల్డరు అతుకులున్న పాయింట్లకు ఇవి తగవు.

నెమ్మది మోటార్లు

సర్క్యూట్రాన్ వారి టార్టాయిస్ ఈ రకంలో అందరికీ తెలిసినది. 12 వోల్టుల డీసీ ఇస్తే రెండు మూడు సెకన్లలో నాలుకలు నిజం పాయింట్‌లా నింపాదిగా జరుగుతాయి. చివరికి చేరాక కూడా కరెంటు ఆపనక్కర్లేదు. మోటారు ఆగి నిలబడి, నాలుకను అదిమి పట్టుకునే ఉంటుంది. కదిలేటప్పుడు సుమారు 4 మిల్లీఆంపియర్లు, ఆగి ఉన్నప్పుడు సుమారు 16. ఇరవై మోటార్లు కలిపినా 320 మిల్లీఆంపియర్లే, కాబట్టి మామూలు 1 ఆంపియర్ అడాప్టరు ధారాళంగా సరిపోతుంది. సన్నని వైర్లు చాలు. లోపలే రెండు కాంటాక్ట్ జతలుంటాయి. ఒకటి ఫ్రాగ్‌కు, ఒకటి ప్యానెల్ దీపాలకు.

బల్ల కింద సుమారు 9 సెం.మీ. లోతు చోటు కావాలన్నది మొదటి షరతు. మడిచిపెట్టే బల్లలకు, కింద ఇంకో అంతస్తు పట్టాలున్న చోట్లకు ఇది కుదరదు. పీకో పాయింట్ అయితే స్ప్రింగు తీసేయడం రెండో షరతు. ప్లైవుడ్, కార్క్, ఫోమ్ కలిపి బల్ల 25 మి.మీ. దాటితే పెట్టెలో వచ్చిన వైరు బలహీనంగా వంగిపోతుంది. దాని బదులు 0.8 మి.మీ. పియానో వైరు వేయండి. మోటారు ముందు భాగంలో పైకీ కిందికీ జరిగే ప్లాస్టిక్ ముక్క వైరుకు ఆధారం. దాన్ని జరిపి త్రోబార్ ప్రయాణాన్ని సరిచేయాలి. మోటారును స్క్రూలతో బిగించేముందు రెండు వైపులా అంటుకునే టేపుతో అంటించి, రెండుసార్లు నడిపి చూసి, సరిగ్గా మధ్యలో ఉందని తేలాక స్క్రూలు వేస్తే బల్లకు వృథా రంధ్రాలు పడవు.

నడపడానికి ఆరు కాళ్ళ టాగుల్ చాలు. చివరి నాలుగు కాళ్ళను ఎక్స్ ఆకారంలో కలిపి 12 వోల్టులు ఇచ్చి, మధ్య రెండు కాళ్ళను మోటారుకు కలిపితే టాగుల్ తిప్పినప్పుడల్లా కరెంటు దిశ మారుతుంది. ఎరుపు, పచ్చ ఎల్‌ఈడీలను ఒకదానికొకటి సమాంతరంగా, ఎదురెదురు దిశల్లో కట్టి, ఆ జతను మోటారు వైరులో వరుసగా కలిపితే రెసిస్టరు కూడా అక్కర్లేకుండా ఏదో ఒకటి వెలుగుతుంది. ఇది చాలామంది మెచ్చే చిట్కా. కానీ ఆ దీపం చూపేది టాగుల్ ఎటు ఉందో, పాయింట్ ఎటు ఉందో కాదు. కంటికి కనిపించని పాయింట్‌కు దీపాన్ని మోటారు లోపలి కాంటాక్ట్ నుంచే వెలిగించాలి, 12 వోల్టులకు 1 కిలోఓమ్ రెసిస్టరుతో. సొరంగంలో ఈ తేడా ఒక బండి ప్రాణం.

సర్వోలు

9 గ్రాముల ఎస్‌జీ90 సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటారు) చిన్నది, లోతు అడగదు, ప్రయాణాన్ని కోడ్‌లోనే డిగ్రీల లెక్కన సరిచేయవచ్చు. పాయింట్లు ఎక్కువగా ఉండి, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు కోడ్ రాయడానికి వెనకాడని వారికి ఇది మంచి దారి. పీసీఏ9685 బోర్డు ఒక్కటి 16 సర్వోలను నడుపుతుంది.

సర్వో 20 మిల్లీసెకన్లకోసారి అందే పల్స్ చూసి తన స్థానం తేల్చుకుంటుంది. 1.5 మిల్లీసెకన్ల పల్స్ అయితే మధ్యలో నిలబడుతుంది. ఇరుసు నుంచి 15 మి.మీ. దూరంలో వైరు కట్టి 20 డిగ్రీలు తిప్పితే ఆ చోట 5 మి.మీ. ప్రయాణం వస్తుంది. త్రోబార్‌కు అందులో సగం చాలు, మిగిలింది వైరు వంపుకు పోతుంది. డిగ్రీకి 25 మిల్లీసెకన్ల చొప్పున తిప్పితే కదలిక చూడముచ్చటగా ఉంటుంది.

వీటితో వచ్చే చిక్కులు రెండు. స్విచ్ వేయగానే సర్వోలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడటం మొదటిది. ఆఖరి స్థానాన్ని కరెంటు పోయినా చెరగని మెమరీ అయిన ఈఈప్రామ్‌లో దాచి, కోడ్ మొదలవగానే అదే స్థానాన్ని పంపి, సర్వోల కరెంటును ఆ తర్వాత ఇస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. స్థానం చేరాక కూడా గుయ్‌మని అరవడం రెండోది. కదలిక అయ్యాక పల్స్ ఆపేయండి, వైరు వంపు నాలుకను పట్టి ఉంచుతుంది. పట్టేసిన సర్వో ఒక్కటే 600 మిల్లీఆంపియర్లకు పైగా లాగుతుంది. అందుకని అన్నిటినీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి కదపండి. 5 వోల్టుల సప్లై సర్వోలకు విడిగా ఉండాలి, ఆర్డుయినో బోర్డు మీదినుంచి ఇవ్వకూడదు. రెండింటి నెగటివ్ మాత్రం కలపాలి. ఫ్రాగ్ కాంటాక్ట్ సర్వోలో ఉండదు, మైక్రోస్విచ్చో రిలేనో విడిగా పెట్టుకోవాలి.

డీసీసీ నుంచి నడపాలంటే

డీసీసీ ఆదేశాన్ని అందుకుని పాయింట్ మోటారును నడిపే యాక్సెసరీ డీకోడర్ కొనేముందు దాని ఔట్‌పుట్ ఏ రకమో చూడండి. కాయిల్ మోటారుకు పల్స్ కావాలి, నెమ్మది మోటారుకు ఆగని కరెంటు కావాలి. తారుమారైతే మొదటిది కాలిపోతుంది, రెండోది సగంలో ఆగుతుంది. డిజిట్రాక్స్ డీఎస్64 లాంటివి నాలుగు పాయింట్లను నడుపుతూ రెండు రకాలకూ సెట్ చేసుకోనిస్తాయి.

అంతకంటే ముఖ్యం, డీకోడర్లకు కరెంటు పట్టాల బస్సు (పట్టాలకు కరెంటు మోసే ప్రధాన వైర్ల జత) నుంచి ఇవ్వకండి. ఇంజను వస్తున్న దారికి కాక రెండో దారికి వేసి ఉన్న పాయింట్ మీదికి ఇంజను ఫ్రాగ్ వైపు నుంచి ఎక్కిందనుకోండి, లోహపు ఫ్రాగ్ దగ్గర షార్ట్ అయి పట్టాల కరెంటు మొత్తం పోతుంది. ఆ షార్ట్ పోవాలంటే పాయింట్ మార్చాలి. డీకోడర్ అదే బస్సు మీద ఉంటే దానికీ కరెంటు లేదు. చివరికి చేత్తో ఇంజను ఎత్తాల్సి వస్తుంది. డీకోడర్లకు వేరే బస్సు, వేరే బ్రేకరు ఉంటే పాయింట్ మార్చగానే అంతా మామూలవుతుంది.

చేతిలోని కంట్రోలరు మీద ప్రతిసారీ అడ్రస్ నొక్కడం షంటింగ్‌లో విసుగు పుట్టిస్తుంది. ముందు పలక మీద ఒక బటన్ కూడా పెట్టుకోండి, కంప్యూటరు నుంచి దారులు వేసే పని జేఎంఆర్‌ఐ అనే సాఫ్ట్‌వేర్‌కు వదలండి.

ఇప్పుడు ఆ కాగితానికి తిరిగి వెళ్ళండి. అందే పాయింట్ల పక్కన "స్లైడ్ స్విచ్" అని, దాగినవాటి పక్కన "నెమ్మది మోటారు, కాంటాక్ట్ దీపం" అని, లోతు లేని చోట "సర్వో" అని, ఇప్పటికే కాయిల్ మోటార్లు చేతిలో ఉంటే యార్డు దారుల పక్కన "కాయిల్, కెపాసిటర్" అని రాయండి. రెండు లైన్ల మధ్య క్రాసోవర్‌కు రెండు పాయింట్లూ ఒకే మీటకు కట్టండి. వాటిలో ఒకటి మారి రెండోది మారకపోతే పట్టాలు తప్పడమో షార్టో ఖాయం.

మొదట ఒకే ఒక పాయింట్‌ను పూర్తిగా బిగించండి. మీ దగ్గరున్న అతి పొడవైన రైలుపెట్టెను ఇంజనుతో వెనక్కి నెట్టిస్తూ రెండు దారుల్లోనూ ఇరవైసార్లు దాటించండి. ప్రతిసారీ మధ్యలో పాయింట్ మార్చండి. చక్రం లేచేది ఎప్పుడూ ఒకే చోట అయితే లోపం నాలుక మొన దగ్గరే ఉంది. నెమ్మది మోటారు అయితే దాని ఆధారం ముక్కను ఒక మిల్లీమీటరు జరిపి, కాగితం ముక్క పెట్టి లాగి, మళ్ళీ నడపండి. ఇరవైకి ఇరవై దాటాకే రెండో పాయింట్ ముట్టుకోండి.